తలుపు వేసుకుని తినడం

అత్తమ్మ పోయిన రోజు పొద్దున నా చేతిలో ఉప్మా ప్లేటు ఉంది. ఆమెకు నమలడం కష్టమని నీళ్ళు కాస్త ఎక్కువ పోసి, పల్లీలు ఏరేసి వండిన ఉప్మా. మోచేత్తో తలుపు తోసి, "లేవండి అత్తమ్మా" అన్నాను. ఆమె లేవలేదు. ప్లేటు ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. రెండేళ్ళుగా దాన్ని ఆమె మంచం పక్కన స్టూలు మీద పెట్టేదాన్ని. ఆ రోజు అక్కడ పెట్టడం సరికాదనిపించింది. పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన వచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని చూసి, మంచం అంచున కూలబడి, కాసేపటికి నా వైపు తిరిగి, "గా ప్లేటు లోపల పెట్టు ముందుగాల" అనేదాకా అది నా చేతిలోనే ఉంది.

మా ఇంట్లో ఎవరూ ఒక చోట కూర్చుని తినరు. మా ఆయన భానుచందర్‌కు పంజగుట్టలో స్కూలు యూనిఫాం బట్టల దుకాణం ఉంది. ఆయన ప్లేటు హాల్లో టీవీ ముందుకు పోతుంది. మా అమ్మాయి అక్షిత తొమ్మిదో తరగతి. దాని ప్లేటు దాని గదిలోకి పోతుంది. అత్తమ్మ కాంతవ్వ ఉన్నన్నాళ్ళూ ఆమె ప్లేటు ఆమె గదిలోకి పోయేది. అందరికీ ఇచ్చి, మళ్ళీ పెట్టి, నీళ్ళిచ్చి, చివరికి నేను వంటగదిలో గట్టుకు ఆనుకుని, గిన్నెలో మిగిలిన దాంట్లోనే కలుపుకుని నిలబడి తింటాను. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లోనే ఎవరికో పచ్చడి గుర్తొస్తుంది. యూసుఫ్‌గూడలో నేను తెలుగు చెప్పే స్కూల్లో కూడా అంతే; మధ్యాహ్నం పిల్లల వరుసలు చూస్తూ డబ్బా ఖాళీ చేస్తాను. దీన్ని కష్టమని నేనెప్పుడూ అనుకోలేదు. కష్టమని అనుకోవాలంటే ముందు ఇంకో రకంగా తిని ఉండాలి.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ప్రయత్నించాను. జ్వరం తగ్గిన రోజు చారన్నం ప్లేటులో పెట్టుకుని మా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను. అత్తమ్మ బయటి నుంచి తలుపు తోసేసింది. "తలుపేసుకొని తినుడేంది? దొంగసొత్తా? ఇంటి కోడలు గదిల కూసోని తింటే చూసినోళ్ళు ఏమంటరు?" చూసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా లేచి వంటగదిలోకి వచ్చేశాను. పదహారేళ్ళు అక్కడే ఉన్నాను.

అదే అత్తమ్మకు రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్చుకుంటూ నడిచేది. ఒకరోజు గదిలో గొళ్ళెం పెట్టుకుని ఉండగానే కింద పడితే తలుపు పగలగొట్టినంత పనైంది. ఆ సాయంత్రమే మా ఆయన లోపలి గొళ్ళెం ఊడదీసేశారు. కొన్నాళ్ళకు ఆమె ఎడమ చేత్తో స్పూను పట్టుకోవడం నేర్చుకుంది. నేను ప్లేటు పెట్టి బయటికి వస్తుంటే పిలిచింది.

"సంగీతా, తలుపు జర దగ్గరికెయ్యి బిడ్డా."

"పడిపోతే ఎట్లా అత్తమ్మా?"

"పడితె పడ్త. తింటుంటే ఎవ్వలు సూడకుంటె మస్తు మంచిగనిపిస్తుంది. ఎవ్వలకు పెట్టాలె, ఎవ్వలకు సాలలేదు, గా ఫికర్ లేదు. నా ముద్ద నేను తింటున్న." వంకరపోయిన మూతితో నవ్వి అంది. "కాలు సెయ్యి పడిపోతె దొరికింది గీ సుఖం. నీకు గంత ఆల్శెం కావద్దు."

నా పెళ్ళయిన కొత్తలో తోసిన ఆ తలుపు ఆమెకు గుర్తుందో లేదో నేను అడగలేదు. గుర్తుందనే అనుకుంటాను.

మూడో రోజు పంజగుట్ట శ్మశానవాటికలో పిట్టకు పెట్టారు. విస్తరిలో ఆమెకు ఇష్టమైనవన్నీ వండి పెట్టాను, పల్లీలు వేసిన ఉప్మాతో సహా. కాకి గోడ మీద వాలింది కానీ విస్తరి ముట్టలేదు. చుట్టాలంతా చుట్టూ నిలబడి ఆమెకు తీరని కోరికలు ఒక్కొక్కటీ ఊహిస్తున్నారు. మనవరాలి పెళ్ళి చూడలేదని ఒకరు, సిరిసిల్లలో ఇల్లు అమ్మినందుకని ఒకరు. మా ఆయన చేతులు జోడించి అన్నిటికీ మాట ఇస్తున్నారు. నేను మాత్రం, ఇంతమంది గుచ్చిగుచ్చి చూస్తుంటే ఆమె ఎలా తింటుంది అనుకున్నాను. "జర అందరూ అటు తిరగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏదో శాస్త్రం కాబోలని అందరూ తిరిగారు. తిరిగిన కాసేపటికి వెనక రెక్కల చప్పుడు వినబడింది.

పదకొండో రోజు దాటాక మా ఆయన అత్తమ్మ గది సంగతి ఎత్తారు. అమీర్‌పేటలో మా గల్లీ నిండా కోచింగ్ సెంటర్లే. కింద మెట్ల దగ్గర గోడ మీద హాస్టల్ కాగితాల మీద కాగితాలు అంటించి ఉంటాయి. "గది ఖాళీగుంచుడెందుకు? కోచింగ్‌కు వచ్చే ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుందం. తిండి సుత మనమే పెడ్తమంటే జల్ది వస్తరు. నీకేముంది, ఎట్లైన వండుతనే ఉంటవ్ కద. రెండు ప్లేట్లు ఎక్కువ, గంతే."

సరైన మాట తోచకపోతే తొందరపడి తప్పు మాట రాయకండి, ఖాళీ వదలండి అని స్కూల్లో పిల్లలకు చెప్తుంటాను. నేనూ ఖాళీ వదిలాను. ఆయన దాన్ని సరే అని చదువుకున్నారు.

మూడో నెలలో ఓడ ప్రయాణం వచ్చింది. బట్టల కంపెనీ వాళ్ళు బాగా సరుకు అమ్మిన దుకాణదారులను కుటుంబాలతో సహా ముంబై నుంచి గోవా వైపు ఓడలో మూడు రోజులు తిప్పి తెస్తారట. దుకాణదారుల వాట్సాప్ గ్రూపులో కృష్ణమోహన్ అనే పెద్దాయన జాగ్రత్తలు రాసి పంపారు. మా ఆయన వాటిని నాకు చదివి వినిపించారు. అన్నీ కాదు, నాకు పనికొస్తాయనుకున్నవి.

"బఫే కాడ డబ్బాలు నింపుడు బంద్. రూంలకు మూటలు కట్టుడు బంద్. విన్నవా? గా పెండ్లిల చేసినట్టు చేయకు, ఇజ్జత్ పోతది."

ఆ పెళ్ళి పంజగుట్ట ఫంక్షన్ హాల్లో, అత్తమ్మ మంచాన పడ్డాక జరిగింది. బఫేలో డబుల్ కా మీఠా చూసి, ఆమెకు నమలక్కర్లేకుండా మెత్తగా ఉందని, రెండు ముక్కలు టిష్యూలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. పాకం కారి చీర కుచ్చిళ్ళ మీద పడింది. మా ఆయన పదిమంది ముందు నవ్వుతూ అన్నారు. "మా ఇంట్ల తిండి లేదనుకుంటరే! టీచరమ్మకు హోంవర్క్ ఇచ్చిండ్రా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరి కోసమని ఆయన అడగలేదు. ఇంటికొచ్చాక అత్తమ్మ ఆ టిష్యూ కాగితం కూడా నాకింది.

ఓడలో మొదటి రోజు అక్షిత ఫోన్ పట్టుకుని గదిలోనే పడుకుంది. "దానికో ప్లేట్ పట్కపో" అన్నారు మా ఆయన. తీసుకుపోయాను. ఇంకాసేపటికి పేకముక్కలు చేతిలో పట్టుకుని పత్తాలాట మధ్యలోంచి, "నాకు సుత ఏదన్న తీస్కరా, ఆట విడిచి రాలేను" అన్నారు. బఫే గది నుంచి పై అంతస్తుకు మెట్లెక్కి తెచ్చిచ్చాను. మూట కడితే పోయే ఇజ్జత్, మోస్తే పోదని అప్పుడు తెలిసింది. ఇంత దూరం సముద్రంలోకి వచ్చి కూడా నేను మా ఇంటి హాల్లోనే నడుస్తున్నట్టు అనిపించింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన మళ్ళీ పత్తాల దగ్గర, అమ్మాయి ఈత కొలను దగ్గర. ఇద్దరూ తిన్నారు. నేను ప్లేటు పట్టుకుని బఫే వరుసలో నడిచాను. మెత్తటి పెరుగన్నం పెట్టాను. పక్కన మెదిపిన ఆలుగడ్డ. పల్లీల పచ్చడి దగ్గర చెయ్యి ఆగింది, వద్దులే అనుకుని ముందుకు పోయాను. బెల్లం పాయసం ఒక చిన్న గిన్నెలో. వరుస చివరికొచ్చి ప్లేటు చూసుకుంటే, అది అత్తమ్మ ప్లేటు. అచ్చంగా ఆమె ప్లేటు. తీసుకుపోవడానికి ఇక్కడ ఆమె గది లేదు. ఉప్మా ప్లేటుతో నిలబడ్డట్టే అక్కడా నిలబడిపోయాను.

తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి దగ్గరికి వచ్చింది. ఛాతీ మీద పేరు నిరోష అని ఉంది. హిందీలో ఏదో అడిగింది. నేను తడబడి తెలుగులో, "నిన్న అడగకుండానే పట్టుకుపోయాను, ఈ ప్లేటు గదికి తీసుకుపోవచ్చా? తప్పా?" అన్నాను.

"అయ్యో, తెలుగు మేడమా!" అంది. మెట్‌పల్లి అమ్మాయి. అమీర్‌పేటలోనే కోర్సు చేసిందట, బల్కంపేట హాస్టల్లో ఉండేదట. "పట్కపోవచ్చు మేడం, తప్పేం లేదు. డబ్బాలల్ల నింపి రేపటికి దాసిపెట్టుడే వద్దంటరు. ఎంత తింటరో గంతే పట్కపోవాలె. తిన్నంక ప్లేటు గదిలనే పెట్టుండ్రి, మావోళ్ళు తీస్కపోతరు. బయట నడిచే తొవ్వల పెట్టకుండ్రి, ఎవరన్న తన్నుకొని పడ్తరు. గంతే." తర్వాత ట్రేలో రుమాలు సర్దుతూ మామూలుగా అడిగింది. "ఎవరికి మేడం? పిల్లలకా, పెద్దమనుషులకా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఒక పేరు ఉండేది. వెతుక్కున్నాను. చాలాసేపే పట్టి ఉంటుంది, ఆ అమ్మాయి తలెత్తి చూసింది.

"నాకు" అన్నాను.

వెనక్కి వెళ్ళి పల్లీల పచ్చడి వేసుకున్నాను.

గదిలోకి వచ్చి తలుపు వేసి, లోపలి గొళ్ళెం తిప్పాను. కిటికీ దగ్గర కుర్చీ ఉంది. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి నాలుగు ముద్దలు అలవాటుగా గబగబా తిన్నాను, చెవి బయటే పెట్టి. ఎవరూ పిలవలేదు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఐదో ముద్దకు పెరుగు కమ్మగా ఉందని, పోపులో అల్లం వేశారని తెలిసింది. అన్నం రుచి తెలుసుకోవడానికి ఇంత తీరిక కావాలని నాకు తెలియదు. అప్పుడు ఏడుపొచ్చింది. మూడు నెలల్లో మొదటిసారి. ఏడుస్తూనే తిన్నాను. తినడం ఆపలేదు.

పాయసం దగ్గర ఉండగా తలుపు చప్పుడైంది. మా ఆయన. "సంగీతా! ఏమైంది? పానం బాలేదా?"

"బాగుంది."

"మరి తలుపెందుకు పెట్టుకున్నవ్?"

"తింటున్నాను."

బయటి పిడి ఒకసారి తిప్పి చూశారు. ఒంట్లో బాగుండి, ఎవరి మీదా కోపం లేకుండా, నేను తలుపు వేసుకోగలనని ఆయనకు పదహారేళ్ళలో తోచి ఉండదు. ఆయనదే తప్పని కూడా అనలేను, నాకూ తోచలేదు. "తిన్నంక తీయి మరి, కండ్లద్దాలు అండ్లున్నయ్" అన్నారు చివరికి. సరేనన్నాను. పాయసం అయ్యాకే తీశాను.

ఆ తర్వాత ఒక పొరపాటు చేశాను. స్నానాల గదిలో చేతుల సబ్బుతో ప్లేటు, గిన్నె కడిగి, తువ్వాలుతో తుడిచి, బల్ల మీద బోర్లించాను. మర్నాడు పొద్దున బఫేలో నిరోష నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మేడం, ప్లేటు కడిగింది మీరేనా? గదులు సర్దే అన్న గది నంబర్ చెప్పి ఒకటే నవ్వుడు. గిట్ల ఎవ్వరు చేయలేదంట. మా అమ్మ వచ్చినా గిదే పని చేస్తది."

"ఎంగిలి ప్లేటు ఎట్లా పెట్టను?"

"పెట్టాలె మేడం. తిన్నోళ్ళు లేచి పోవాలె, గంతే. అది మా డ్యూటీ."

"మరి నువ్వెప్పుడు తింటావ్?" అని అడిగాను.

"మాకు మెస్ ఉంటది. టైముకు పంపుతరు. కూసోనే తింటం" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. ఆ మాట వినడం నాకు బాగుంది.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారం మా ఆయనకు బ్రోకర్ రాకేశ్ ఫోన్ చేశాడు. సాయంత్రం ఇద్దరు అమ్మాయిలు గది చూడటానికి వస్తారట. నేను మధ్యాహ్నం వండినవన్నీ గిన్నెల్లో సర్ది హాల్లో బల్ల మీద పెట్టాను. మూడు ప్లేట్లు పక్కన పెట్టాను. వాటిలో నా ప్లేటు తీసుకుని, నాకు కావలసినవి పెట్టుకుని అత్తమ్మ గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకుని, ఆమె మంచం మీద కూర్చున్నాను.

తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. "ఈడ తింటున్నవేంది? సాయంత్రం వాళ్ళొస్తరు, గది ఊడ్చి పెట్టాలె కద."

"ఈ గది ఇవ్వడం లేదు."

"ఇయ్యకుంట ఏం జేస్తం?"

"నేనుంటాను. తింటాను. కాపీలు దిద్దుకుంటాను."

"గా రెండిటికి గదెందుకు? వంటింట్ల తినక, హాల్ల దిద్దక, గిన్ని ఏండ్లు ఎట్ల నడిచింది?"

"నడిచింది నేను" అన్నాను.

ఆయన గోడ మీద తల్లి ఫొటో వైపు చూశారు. నేనూ చూశాను. గట్టిగా ఏదో అంటారనుకున్నాను. బుగ్గ గోక్కుని, "మరి రాకేశ్‌కు ఏం చెప్పాలె?" అన్నారు.

"గది ఖాళీ లేదని చెప్పండి."

ఆయన బయటికి పోయారు. కాసేపటికి హాల్లోంచి గొంతు వినిపించింది. "లేదు భాయ్... అరే, ఖాళీ లేదు. మా ఇంట్లోళ్ళే ఉంటున్నరు." తర్వాత గిన్నె మూత చప్పుడు. ఆయనే వడ్డించుకుంటున్నారు. పప్పులో గరిటె లేదని ఒకసారి పిలిచారు. నేను పలకలేదు. గరిటె దొరికినట్టుంది, మళ్ళీ పిలవలేదు.

అన్నం సగంలో ఉండగా తలుపు మీద వేళ్ళతో మెల్లగా కొట్టారు. అక్షిత. పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో అది ఏ తలుపూ కొట్టలేదు. "మమ్మీ, రావచ్చా?"

"ఇంకో పది నిమిషాలు ఆగు."

"ఓకే" అంది. అడుగులు వెనక్కి వెళ్ళాయి.

తలుపుకు నాలుగు బెజ్జాలు అలాగే ఉన్నాయి. పాత గొళ్ళెం వంటగది అరలో దొరికింది. స్క్రూలు మూడే ఉన్నాయి. వడ్రంగి కనకయ్య వస్తానన్నాడు, ఇంకా రాలేదు. గొళ్ళెం బిగించాలి.