రెండో బ్రేకు

బ్రేకు మాస్టారు కుడికాలు పెడల్ మీద పెట్టాడు. పెట్టాక, అది నిజంగానే పెడల్ మీద ఉందో లేదో చూసుకోవడానికి ముందుకు వంగాడు. ఉంది. వంగినందుకు ఏదో ఒక సాకు కావాలి కనుక, కింద నలిగి పడి ఉన్న కాగితం ముక్కను తీసి కిటికీలోంచి పారేశాడు.

డ్రైవరు సీట్లో టైలరు అద్దం సర్దుకుంటున్నాడు. రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టుపని మూలపడ్డాక, నలభై దాటిన వయసులో లారీ నేర్చుకుందామని వచ్చిన మనిషి. జీవితమంతా మిషను తొక్కిన కాళ్లు కదా, ఏ పెడల్ కనిపించినా వాటికి ఊపబుద్ధవుతుంది. మొదటి రోజు క్లచ్చును కూడా అలాగే ఊపితే, లారీ కప్పలా గెంతుకుంటూ డ్రైవింగు స్కూలు గేటు దాటింది. "బాబూ, మనం జాకెట్టు కుట్టడం లేదు" అన్నాడు మాస్టారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మాస్టారు అరవడు. అరిస్తే నేర్చుకునేవాడు రోడ్డు వదిలేసి తన కాళ్ల వంక చూస్తాడు, లేదంటే మాస్టారి మొహం వంక చూస్తాడు. లారీ మాత్రం ఎవరి మొహమూ చూడదు, దాని దారిన అది పోతుంది. అందుకని ఆయన నోరు విప్పకుండా తన వైపున్న బ్రేకు తొక్కేవాడు. ఎదురుగా ఆవు రానీ, ఆటో రానీ, నేర్చుకునేవాడి పై ప్రాణాలు పైనే పోయేలోపు బండి మెత్తగా ఆగేది. ఆ పేరు అలా వచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇప్పుడు పెళ్లాం కూడా మరిచిపోయి ఉంటుంది.

స్కూలు బావమరిదిది. లారీ ముసలిది, వెనక ఇసుక బస్తాలు నింపి ఉంటాయి, బరువు బండి తోలడం అలవాటు కావాలని. మాస్టారి సీటుకు బెల్టు ఉంది కానీ దాని కొక్కెం పడదు. ఆ సంగతి బావమరిదికి చెబితే, "తోలేది నువ్వు కాదుగా బావా" అన్నాడు. మళ్లీ చెబితే, "నువ్వుండగా ఏమవుతుంది బావా" అన్నాడు. రెండూ ప్రేమగానే అన్నాడు. అలా ఆ సీట్లో కూర్చునే మనిషికి రక్షణ అంటూ మిగిలింది ఆ రెండో బ్రేకు ఒక్కటే. దాని మీద ఉండే కాలికేమో కొన్నాళ్లుగా స్పర్శ తెలియడం లేదు.

మొదట తిమ్మిరి అనుకున్నాడు. తర్వాత వేళ్లు దూది చుట్టినట్టు మొద్దుబారాయి. షుగరు ముందు పాదాలనే పట్టుకుంటుందని డాక్టరు చెప్పినప్పుడు, అందరికీ చెప్పే మాటేలే అనుకుని బయటికొచ్చాడు. ఒక సాయంత్రం స్నానాలగదిలో వేణ్నీళ్ల బిందె ఒరిగి కాలి మీద పడింది. ఆయనకు తెలియలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు బొబ్బ చూసి భార్య గుండె బాదుకుంది.

"మా తమ్ముడికి చెప్పండి. రేపే చెప్పండి" అంది.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే."

"పడినా మీకు తెలిస్తేగా" అంది ఆవిడ. అనేసి, కళ్లు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

చెప్పలేదు. చెబితే ఆ సీటు పోతుంది. ఆ సీటు పోతే ఆయన ఎవరు? బావమరిది ఏదో ఒక కుర్చీ వేస్తాడు, వచ్చేపోయేవాళ్లకు మంచినీళ్లివ్వమంటాడు. ఆ మాట తలుచుకుంటేనే మాస్టారికి మనసు చచ్చిపోయేది. అందుకే కంటితో చూసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. మలుపు రాకముందు ఒకసారి, వంతెన ఎక్కేముందు ఒకసారి వంగి చూస్తాడు. రోడ్డు మీద ఉండాల్సిన చూపు కాలి మీద ఉంటోందని ఆయనకు తెలుసు. భయంగానే ఉంటోంది.

"పోనీ" అన్నాడు మాస్టారు.

టైలరు బాగానే తోలుతున్నాడు. పెద్ద రోడ్డెక్కాడు, బస్సుకు దారిచ్చాడు. రెండుచోట్ల ఆగాల్సి వచ్చి ఆగాడు కూడా. కానీ వాడి బ్రేకులో ఒక లోపముందని మాస్టారు గమనించాడు. సగం తొక్కి వదిలేస్తాడు. మిగతా సగం బండే చూసుకుంటుందన్నట్టు కూర్చుంటాడు. తప్పు వాడిది కాదు. ఇన్నాళ్లూ ఆ మిగతా సగం మాస్టారే తొక్కుతూ వచ్చాడు మరి. వాడికి తెలిసిన లారీ అదే, సగం తొక్కితే ఆగే లారీ.

మధ్యాహ్నం దాటాక పల్లం రోడ్డుకొచ్చారు. కింద రైలు గేటు. పైనుంచి చూస్తుండగానే గంట మోగి గేటు దిగడం మొదలెట్టింది. గేటు ముందు జనం చేరుతున్నారు. సైకిళ్లు, బళ్లు, అందరికంటే వెనక ఒక స్కూటరు. స్కూటరు మీద ఒకావిడ, ఆవిడ వెనక బడి యూనిఫారంలో చిన్నపిల్ల.

"గేరు తగ్గించు. ఇప్పట్నుంచే మెల్లగా పట్టుకో."

టైలరు గేరు తగ్గించాడు. బ్రేకు సగం తొక్కాడు. లారీ కొంచెం తగ్గినట్టే తగ్గి, వెనక ఇసుక బరువుకు మళ్లీ జారింది. మాస్టారు కాలు ఒత్తాడు. తొడ బిగిసింది, మోకాలు చాచుకుంది, వీపు సీటుకు అతుక్కుపోయింది. బండి తగ్గలేదు. ఇంకా ఒత్తాడు. స్కూటరు మీది పిల్ల జడ రిబ్బను కనిపించేంత దగ్గరికొచ్చారు. టైలరు మాత్రం నిబ్బరంగా కూర్చున్నాడు, ఇంకాసేపట్లో ఆగుతుందిలే అన్నట్టు.

బ్రేకు ఫెయిలయిందనుకున్నాడు మాస్టారు. తల వంచి చూశాడు. కాలు పెడల్ మీద లేదు. పక్కన ఇనపరేకు మీద ఉంది. తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆయన నేలను తొక్కుతున్నాడు.

కాలు తీసి మళ్లీ పెట్టే వ్యవధి లేదు. పెట్టినా అది ఎక్కడ పడుతుందో నమ్మకం లేదు. అరవకూడదని మాత్రం గుర్తుంది.

"నేను తొక్కట్లేదు" అన్నాడు మాస్టారు. "నువ్వే తొక్కు. మొత్తం నువ్వే."

టైలరు ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. ఆ వెంటనే వాడి ఒళ్లంతా బ్రేకు మీద పడింది. లారీ కీచుమంది. వెనక బస్తాలు దబదబా ముందుకొచ్చి కొట్టుకున్నాయి. మాస్టారు ఎగిరి ముందుకు పడి, చేతులు అడ్డం పెట్టుకున్నా నుదురు అద్దానికి తగిలింది. లారీ స్కూటరుకు జానెడు దూరంలో ఆగింది. స్కూటరు మీది ఆవిడ వెనక్కి తిరిగి తిట్టిన తిట్లు ఇంజను మోతలో వినిపించలేదు. పిల్ల మాత్రం చెయ్యి చాచి, లారీ ముందున్న ఎర్రటి 'ఎల్' అక్షరాన్ని వేలితో తాకి చూసింది.

రైలు చాలాసేపు పోయింది. టైలరు చొక్కా వీపంతా తడిసిపోయింది. గేటు లేచాక వాడు చిన్నగా నవ్వాడు.

"పరీక్ష పెట్టారా మాస్టారూ? నేను సగమే తొక్కుతున్నానని కనిపెట్టేశారు. చచ్చానే అనుకున్నా. ఇక జన్మలో మర్చిపోను."

మాస్టారు వాడి మొహం వంక చూశాడు. వాడు మనస్ఫూర్తిగా దండం పెట్టేలా ఉన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. అవునని కూడా అనలేదు.

"సైకిలు వేగంతో పోదాం. రెండో గేరు దాటకు" అన్నాడు. స్కూలుకు వచ్చేదాకా ఆయన మళ్లీ కిందికి వంగి చూడలేదు. రెండు చేతులతో పైనున్న కడ్డీ పట్టుకుని, రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. ఆ కాలిని ఇక నమ్మేది లేదని తేల్చేసుకున్నాడు.

ఆవరణలో కొత్తగా పోసిన కంకర మీద లారీ ఆగింది. మాస్టారు కడ్డీ పట్టుకుని దిగి, పంపు దగ్గర మొహం కడుక్కుని, నుదుటి మీద లేచిన బుడిపెను తడుముకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఈలోగా టైలరు ఆఫీసు గదిలోకి వెళ్లి గేటు దగ్గరి కథంతా చిలవలు పలవలుగా చెప్పేసి, నవ్వుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

"ఏంటి బావా, పరీక్షలు కూడా పెడుతున్నావంట" అన్నాడు బావమరిది టేబులు వెనకనుంచి. "టైలరు నిన్ను ఆకాశానికెత్తేస్తున్నాడు."

"పరీక్ష కాదు. కాలు బ్రేకు మీద పడలేదు."

"ఎవరి కాలు?"

"నాదే. స్పర్శ పోయి చాన్నాళ్లయింది. ఇవాళ ఒక చిన్నపిల్లను చంపబోయాను. రేపట్నుంచి నేను బండెక్కను. ఇంకో మనిషి దొరికేదాకా నువ్వు కూడా బండి బయటికి తియ్యకు."

బావమరిది నవ్వబోయి ఆగాడు. "టైలరు ఇప్పుడేగా చెప్పెళ్లాడు, నువ్వు కావాలనే తొక్కలేదని."

"వాడలా అనుకున్నాడు. నేను కాదనలేదు."

"నడిచే వచ్చావుగా లోపలికి?"

"నడక వేరు."

బావమరిది కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. తర్వాత గొంతు మారింది. "రోడ్డు ఆ చివర కొత్త డ్రైవింగు స్కూలు పెట్టారు. వాళ్లు పిలిచుంటారు. పిలిస్తే పిలిచారని చెప్పు బావా, నేనేం ఉరెయ్యను. అక్క మొగుడివి, నా దగ్గర ఈ కాకమ్మ కబుర్లెందుకు?"

"మీ అక్కనడుగు."

"అక్క నువ్వేం చెప్పమంటే అదే చెబుతుంది."

మాస్టారికి ఏడుపొచ్చింది. సీటు పోయినందుకు కాదు, అది పోతుందని తెలిసే వచ్చాడు. ఇన్నాళ్లూ దాచినప్పుడు నమ్మినవాడు, తీరా నిజం చెబితే నమ్మకపోవడం ఆయన తట్టుకోలేకపోయాడు. లారీ తాళంచెవి టేబులు మీద పెట్టాడు.

"ఆ బెల్టు కొక్కెం మార్పించు. నా తర్వాత కూర్చునేవాడిదీ ప్రాణమే" అన్నాడు. బావమరిది తల ఎత్తలేదు. మాస్టారు బయటికి నడిచాడు.

బావమరిది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. గోడ పక్కన పేర్చిన పాత టైర్ల మీదుగా బావ నడుము పైభాగం మాత్రమే కనిపిస్తోంది. కంకర మీద తిన్నగా, ఎక్కడా ఆగకుండా గేటు వైపు పోతున్నాడు. భుజం ఒరగడం లేదు. కాలు ఈడ్చడం లేదు. ఆ కంకర మీద బూట్లేసుకున్నవాళ్లే చూసి చూసి అడుగేస్తారు.

"కాలు పనిచెయ్యదంట" అన్నాడు బావమరిది తనలో తాను. అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్న ఇంటికి ఇలాగేనా చేసేది అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో అనుమానం వచ్చింది. ఒకవేళ బ్రేకే చెడిపోయిందేమో, రిపేరు మాటెత్తితే తను విసుక్కుంటానని బావ ఈ కథ అల్లాడేమో. టార్చీ తీసుకుని బయటికొచ్చాడు.

లారీకి బావ కూర్చునే వైపు తలుపు తీసి, మెట్టెక్కి, లోపలికి వంగాడు. చేత్తో పెడల్ నొక్కి చూశాడు. గట్టిగా, సరిగ్గా ఉంది. వదిలితే చక్కగా పైకి లేచింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ లేచింది. అప్పుడు టార్చీ కొంచెం పక్కకు తిప్పాడు.

పెడల్ పక్కన ఇనపరేకు మీద, రోడ్డు వైపు తిరిగి, బావ కుడికాలి చెప్పు ఉంది.