హ్యాండిల్ మీద చుక్క

టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే కుడి అరచేయి మొద్దుబారి మూత జారింది. పప్పు గట్టు మీద పారింది. గుమ్మం దగ్గర కూర్చుని బియ్యం ఏరుతున్న మా అత్త సారలమ్మ తల ఎత్తకుండానే అంది: "బండి నడుపుడు బంద్ వెట్టు. ఆటోల పో."

నా భర్త బిక్షపతి అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. "నీతోని కాదంటె చెప్పు. కాప్రాల ఉండే మా చిన్నాయిన కొడుకు బండి అడుగుతుండు. ఆదివారం ఇచ్చేస్త."

"హ్యాండిల్ జర కిందికి, నా దిక్కు జరిపిస్తే సరిపోతది."

"హ్యాండిల్ ముట్టకు. అది కంపెనోళ్లు పెట్టింది. మారిస్తె బ్యాలెన్స్ పోతది. నీ చేతులు పొట్టిగుంటే బండేం జేస్తది?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఇలాంటి మాటలకు నా నోరు నన్ను అడగకుండానే నవ్వుతుంది. ఆ నవ్వు ఆ రోజంతా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయినప్పుడు బండి నేర్చుకున్నాను. అతనికి కంపెనీ బస్సు ఉంది. ఏడాదిగా వారంలో ఆరు రోజులు ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా నేనే నడుపుతున్నాను, ఆదివారం ఒక్కరోజు అతను. హెల్మెట్ లోపల ఆ అరగంట నన్నెవరూ పిలవరు, ఏదీ అడగరు. రోజు మొత్తంలో నేను నాతో మాట్లాడుకునేది అప్పుడే. కానీ చేతులు పూర్తిగా చాపితే గాని హ్యాండిల్ అందదు. భుజాలు చెవుల దాకా లేస్తాయి. నాచారం సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ తిమ్మిరెక్కిన వేళ్లు విదిలించుకుంటాను. నొప్పి వస్తే లోపం నాలోనే ఉందనుకోవడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది. ఆ అద్దమే చూడండి. పదమూడేళ్ల కిందట ఈ ఇంట్లో దిగిన రోజు అతను తన ఎత్తుకు మేకు కొట్టి తగిలించాడు. అందులో నాకు కనబడేది నా నుదురు, బొట్టు. మిగతా ముఖం కోసం రోజూ మునివేళ్ల మీద నిలబడతాను. అద్దం ఎత్తుగా ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. నేను పొట్టి అనుకున్నాను.

నేను చేసేది పంపులు తయారయ్యే చిన్న యూనిట్లో. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పంపు మూతలకు బోల్టులు బిగిస్తాను. ఒకటి బిగించాక దాని ఎదురుది, అన్నీ కొంచెం కొంచెంగా. పక్క బల్ల మీద ఇదే పని చేసే చంద్రయ్య కార్డులో ఫిట్టర్ అని ఉంటుంది, నా కార్డులో హెల్పర్ అని. ఒకసారి అడిగితే సూపర్‌వైజర్ జనార్ధనరావు గారు, "ఏదైతే ఏముందమ్మా, బిగించింది ఎవరో బోల్టుకి తెలుస్తుందా?" అన్నారు.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగి మా గల్లీ చివర మెకానిక్ తిరుపతి దగ్గర బండి ఆపాను. సంగతి విని అతను చేతులు తుడుచుకున్నాడు.

"ఐదు నిమిషాల పని వదినా. అన్నకు ఒక మాట చెప్పున్రి."

"నడిపేది నేను గదా."

"నడుపుతరు, కాదంటలేను. బండి అన్నది గదా. రేపొచ్చి నా మీద లొల్లి వెడ్తడు."

ఐదు నిమిషాల పని. ఆ మాట ఒక్కటి పట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం పొద్దున అతను మటన్ కోసం నడిచి వెళ్లాడు. బండి సీటు కింద నుంచి పన్నెండు నంబర్ పానా తీశాను. అత్తమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. హ్యాండిల్ పైపును పట్టి ఉంచే క్లాంపుకు బోల్టులు నాలుగు. వదులు చేసి, పాత బనీనుతో మట్టి తుడిచాను. పైపు మీద చిన్న చుక్క కనబడింది. మా యూనిట్లోనూ బిగింపు ఎక్కడికి రావాలో చెప్పడానికి ఇలాంటి చుక్కే కొడతారు. అది క్లాంపు అంచుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. బియ్యపు గింజంత దూరంలో ఉంది.

చాలాసేపు దాన్నే చూశాను. అంటే ఇన్నాళ్లూ ఇది కంపెనీ పెట్టినట్టు లేదు.

హ్యాండిల్‌ను ముందు కంపెనీ చుక్క మీదికి తెచ్చాను. సీటు మీద కూర్చుంటే సగం హాయి. ఇంకాస్త నా వైపు తిప్పాను. మోచేతులు వంగాయి, భుజాలు దిగాయి. నాకు తెలియకుండా బిగబట్టిన ఊపిరి ఏదో బయటికి వచ్చింది. బోల్టులు ఎదురెదురుగా బిగించి, బ్రేకూ క్లచ్చూ నా వేళ్లకు అందేలా సర్ది, హ్యాండిల్ రెండు వైపులా తిప్పి తీగలు లాగడం లేదని చూసుకున్నాను. తర్వాత ఒక మేకు తెచ్చి, పైపు మీద నాకు కావలసిన చోట పెట్టి సుత్తితో కొట్టాను. కంపెనీ చుక్క పక్కన ఇంకో చుక్క పడింది.

మటన్ సంచితో వచ్చి అతను బండి చుట్టూ తిరిగాడు. "ఎవడు ముట్టిండు?"

"నేనే."

"చెప్పిన గదనే, కంపెనోళ్లు..."

"కంపెనోళ్ల చుక్క ఇదిగో, సూడు. ఎవలు జరిపిన్రు?"

చూశాడు. "నాకు ఇరుకైతుండె. కొన్న వారమే జరిపిచ్చిన. అయితేంది?"

"ఏం గాలే. నాకూ అందలేదు, జరుపుకున్న. బండి ఎవ్వరికీ ఇచ్చేది లేదు. ఆదివారం నువ్వు నడిపేటప్పుడు నీ లెక్క తిప్పుకో, పానా సీటు కిందనే ఉంది. సోమవారం పొద్దుగాల నా చుక్క మీదికి తెచ్చి పెట్టు."

అతను నవ్వాడు, ఈసారి నా నోరు కదలలేదు. అతని నవ్వు కాసేపు ఒంటరిగా నిలబడి ఆగిపోయింది.

సుత్తి లోపల పెట్టబోతుంటే గుమ్మంలో అత్తమ్మ నా చేయి పట్టుకుంది. "సుత్తి లోపల పెట్టకు బిడ్డా. జర గా అద్దం గూడ కిందికి దించు."

ఆమె నాకన్నా జానెడు పొట్టి. పదమూడేళ్లుగా తన ముఖం ఎక్కడ చూసుకుంటోందో నేను ఒక్కసారి కూడా అడగలేదు.