పంపుగది తాళంచెవి

దుబాసీ అద్దం ముందు నిలబడి కొత్త కోటుకు గుండీలు పెట్టుకుంటున్నాడు. పొట్ట దగ్గరి గుండీ మొరాయించింది. ఊపిరి బిగబట్టి దాన్ని లొంగదీశాడు. ఊపిరి బిగబట్టడం అతనికి కొట్టిన పిండి.

విదేశీ సహాయ సంస్థలో అతని పని దొర మాట ఊరికి, ఊరి మాట దొరకు చేరవేయడం. చేరవేసే ముందు చేదు తీసేస్తాడు. ఊరు తిడితే కృతజ్ఞత అంటాడు, ఛీకొడితే సలహా అంటాడు. జుట్టు నెరిసేదాకా అతనికి కూడు పెట్టింది ఈ విద్యే. ఈమధ్య సంస్థకు జ్ఞానోదయమైంది. వలసపాలకుల బుద్ధులు మానుకోవాలట, పెత్తనం స్థానికులకే అప్పగించాలట. అప్పగించాలో వద్దో తేల్చడానికి మాత్రం దొరే విమానమెక్కి వచ్చాడు. స్థానిక డైరెక్టరు కుర్చీ తనదేనని దుబాసీ నమ్మకం. ఈ కోటు అందుకే.

అందరూ సమానమని సమావేశంలో కుర్చీలు గుండ్రంగా వేశారు. మెత్తటి కుర్చీలో దొర కూర్చుని, ఊరివాళ్లకు ఏం కావాలో చెప్పమన్నాడు. నీటి సంఘం పెద్ద లేచింది. ఆవిడ దుబాసీకి సొంత మేనత్త.

“పంపు మా ఊళ్లో, తాళంచెవి మీ ఆఫీసులో. మోటారు ఆగితే మీరొచ్చేదాకా మేం గొంతెండి చావాలా? తాళంచెవి ఇచ్చి మీ దారిన మీరు పోండి. మా తిప్పలు మేం పడతాం. ఇదే చెప్పరా.”

ఉన్నదున్నట్టు చెబితే పెత్తనం ఊరికొచ్చేది, కుర్చీ అతనికొచ్చేది. కానీ దొర మొహం చూడగానే నాలుక పాతదారే పట్టింది. మీరు లేనిదే మా గొంతు తడవదు, తాళంచెవి మీ దగ్గరుంటేనే మాకు ధీమా అంటోందని చెప్పాడు.

దొర కళ్లు చెమర్చాయి.

“నేను తిడితే వాడు మురిసిపోతున్నాడేంట్రా?” అంది మేనత్త.

“ఆలోచిస్తారట అత్తా.”

సాయంత్రానికి దొర తేల్చేశాడు. స్థానికుల మాటే శిరోధార్యం. వాళ్లే ఇంతగా బతిమాలుతున్నారు గనక పెత్తనం ఇక ముందు కూడా సంస్థదే, డైరెక్టరు పదవి రద్దు. ఊరి మనసు తెలిసిపోయింది కాబట్టి సమావేశాలు అక్కర్లేదు. సమావేశాలు లేనప్పుడు దుబాసీ ఎందుకు?

గుమ్మం దగ్గర మేనత్త ఆపింది.

“ఏమన్నాడ్రా?”

“నన్ను విశ్రాంతి తీసుకోమన్నారత్తా.”

“తాళంచెవి?”

అతను పొట్ట దగ్గరి గుండీ విప్పుకుని ఊపిరి వదిలాడు. ఆవిడ మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

దుబాసీ ఆఫీసులో తన సొరుగు ఖాళీ చేసుకున్నాడు. తిరిగి రానక్కర్లేని గదికి కూడా అలవాటుగా లైటు ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లాడు.

లోపల, అతని కుర్చీలోంచి చెయ్యి చాపితే అందే మేకుకు, పంపుగది తాళంచెవి వేలాడుతూనే ఉంది.