మేస్త్రికి ఒంటరి భోజనం

కుక్కకు చదువు చెప్పడం నావల్ల కాదని మొదటిరోజే ఒప్పుకొని ఉంటే ఇంత రచ్చ జరిగేది కాదు. ఒప్పుకోలేదు. మా వంశంలో ఆ అలవాటు లేదు.

కుక్క పేరు మేస్త్రి. ఎవరు పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని మెడ వంచి చూస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టాను. ఎనిమిదేళ్లు చిత్తూరు పక్కన మా మామిడితోటకు కాపలా కాసింది. నా భార్య దేవకమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, వారానికి మూడు రోజులు తిరుపతి ఆస్పత్రిలో కసరత్తు చేయించాలన్నారు. తోట గుత్తకిచ్చి, అలిపిరి రోడ్డుకు దగ్గర్లో మేడమీద రెండు గదులు బాడుగకు తీసుకున్నాం. మేస్త్రిని ఎవరికిస్తాం? వెంట తెచ్చుకున్నాం.

మేమిద్దరం ఆటో ఎక్కి సందు తిరగ్గానే ఇది ఏడుపు అందుకుంటుంది. మామూలు ఏడుపు కాదు. కొండమీద క్యూలో నిలబడ్డవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తారని నా అనుమానం. తలుపు గీకి గీకి అడుగున చేటంత బొక్క చేసింది. ఒకనాడు కింద వాటాలో ఉండే ఇంటి యజమానురాలు నిర్మలమ్మ మెట్లకు అడ్డంగా నిలబడింది.

"అన్నా, నాకు బీపీ ఉండాది. మూడు గంటలు ఇది మొత్తుకుంటా ఉంటే నేను యాడికి పోవాల? వచ్చే శుక్రవారం దాకా సూస్తా. ఆ తరవాత అదన్నా ఉండాల, మీరన్నా ఉండాల."

పంపాలంటే ఒకటే చోటు, నా బావమరిది పెంచలయ్య కోళ్లఫారం. అక్కడ కుక్కలను గొలుసుతో కట్టేస్తారు. మేస్త్రి మెడకు ఇంతవరకు తాడు కూడా తగల్లేదు.

పక్కింటి భానుశ్రీ పశువుల డాక్టరు చదువుతోంది. వచ్చి మేస్త్రిని చూసింది, తలుపు బొక్క చూసింది.

"తాతా, దీనికి పని లేకుండా పొయ్యింది. తోటలో అయితే ముంగిసను తరిమేది, వాసన పట్టేది, దొంగను చూసి మొరిగేది. ఈడేముండాది? నాలుగు గోడలు. దీని బుర్రకు పని పెట్టాల. తిండి గిన్నెలో పెట్టొద్దు. దాచిపెట్టు. అదే వెతుక్కోని తినాల."

"దీని బుర్ర సంగతి నీకు తెలీదు పాపా. తోటలో చెట్టుకెన్ని కాయలుండాయో లెక్క పెట్టుకోనిగానీ పండుకొనేది కాదు. ఒగసారి చిరుతపులి వచ్చింది..."

"దానికీ లెక్క చెప్పిందా?"

"చెప్పింది. ఆ చిరుత కూడికల కాడ తప్పిపొయ్యి, సిగ్గుతో అడివిలోకి ఎళ్లిపోయింది."

భానుశ్రీ నవ్వి, ఖాళీ కోడిగుడ్ల అట్ట తెచ్చింది. గుంటల్లో ఉడికించిన కోడి కార్జం ముక్కలు వేసి, ఒక్కోదానిమీద కాగితం ఉండ కుక్కింది.

"ఇది ముందర పెట్టేసి బయటికి వచ్చేయాల. మొదట ఒక నిమిషం. అది కుదిరితే రెండు. సాయం మాత్రం చెయ్యొద్దు తాతా. దినామూ ఎన్ని నిమిషాలైందో నాకు చెప్పు."

ఎంత సులభం! అట్ట పెట్టాను. బయటికి పోదామని గడప దాకా పోయాను. పోలేకపోయాను.

మా ఇళ్లలో ఒక ప్రాణి అన్నం తింటుంటే వదిలేసి లేవరు. చుట్టమైనా, కూలికి వచ్చినవాడైనా, తినేదాకా ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనాలి. అరవై ఎనిమిదేళ్ల అలవాటు. పీట లాక్కుని కూర్చున్నాను.

మేస్త్రి ఒక ఉండను ముక్కుతో తోసింది. రాలేదు. నా మొహం వంక చూసింది.

"ఆ పక్కది వదులుగా ఉండాది, సూడు నాయనా," అన్నాను. వేలు పెట్టి చూపించాను. తీసి తినింది. రెండోరోజు ఉండ కొంచెం పైకి లాగి పెట్టాను. నాలుగోరోజుకు ఉండలన్నీ తీసేది నేను, ముక్కలు తినేది అది. ఒక్కోసారి నేను ఆలస్యం చేస్తే కసిరేది కూడా.

దేవకమ్మ మంచంమీద కాలు చాపుకుని అంతా చూస్తోంది. "ఏమయ్యా, చదువు దానికా నీకా?"

"నువ్వు కాలు మడుసుకునేది నేర్చుకోమ్మే ముందర."

సాయంత్రం భానుశ్రీ మెట్లమీదనుంచే అడిగింది. "తాతా, ఎన్ని నిమిషాలు?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉన్నదున్నట్టు చెప్పడం నాకెప్పుడూ ఉప్పులేని పులుసులాగే ఉంటుంది. "ఇరవై!" అన్నాను.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. మరుసటిరోజు మూత ఉన్న అట్టపెట్టె తెచ్చింది. ఆరోజు "నలభై" అన్నాను. ఆ తర్వాత పెట్టెను పాత టవల్లో చుట్టి ముడివేసి ఇచ్చింది. నిర్మలమ్మకు కూడా చెప్పింది. ఆమె పాపం సంతోషపడి మేస్త్రికి ఒక ఉడికిన గుడ్డు పంపింది. గుడ్డు పెంకు నేనే ఒలిచి పెట్టాను.

ఆ వారం ఆస్పత్రిలో కసరత్తు చేయించే ఆయన సెలవు కాబట్టి ఇద్దరం ఇల్లు కదల్లేదు. శుక్రవారం వచ్చింది. ముడివేసిన టవలు మేస్త్రి ముందు పెట్టి, తలుపు వేసి ఆస్పత్రికి పోయాం. తిరిగొచ్చేసరికి సందు మొదట్లోనే ఏడుపు వినిపించింది. నిర్మలమ్మ తలకు గుడ్డ కట్టుకుని మెట్లమీద కూర్చుంది. పైన టవలు ముడి ముడిలాగే ఉంది. జొల్లుతో మాత్రం తడిసి ముద్దయింది. తలుపు బొక్క ఇంకో జానెడు పెరిగింది.

భానుశ్రీ టవలును, నన్ను మార్చి మార్చి చూసింది. "నలభై నిమిషాలంటివే తాతా?"

చెప్పాను. పీట సంగతి, వేలు సంగతి, గుడ్డు పెంకు సంగతి కూడా. చెబుతుంటే నాకే కోపం వచ్చింది. కుక్కమీద, అట్టమీద, ఆ పిల్ల చదివే పుస్తకాలమీద, చివరకు నామీద.

"నువ్వు నిజం చెప్పుంటే ఒక నిమిషం కాడే ఆపేదాన్ని కదా!" ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "దానికి చాతనయ్యేది ఇచ్చి, కొంచెం కొంచెమే కష్టం చెయ్యాల. ఒకటో తరగతి బిడ్డను పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టినట్టు చేస్తివి. అది తెలివిలేనిది కాదు తాతా. పెట్టె తెరిచే పనిముట్టు నువ్వేనని బాగా నేర్చుకునింది."

నేనే పెంచలయ్యకు ఫోన్ చేశాను. నాలుగింటికి వ్యాను తెస్తానన్నాడు.

ఉన్న రెండు గంటల్లో ఏం చేయాలో తోచలేదు. భానుశ్రీ మాత్రం మొదటి కోడిగుడ్ల అట్ట తీసింది. ఈసారి నాలుగే ముక్కలు, పైన వదులుగా నాలుగు ఉండలు. "ఒక్కసారి సరిగ్గా చేద్దాం. తాతా, బయటికి రా. అమ్మమ్మ మంచంమీదనే ఉంటుంది, పలకదు."

"ఈయన్ని తిట్టాల్సిందంతా నేను పలక్కుండానే తిట్టుకుంటా," అంది దేవకమ్మ.

తలుపు మూసి మెట్లమీద కూర్చున్నాను. అటు నిర్మలమ్మ, ఇటు భానుశ్రీ, మధ్యలో నేను దొంగలాగా. లోపల గోళ్ల చప్పుడు తలుపుదాకా వచ్చింది. చిన్న మూలుగు. లేచాను. నిర్మలమ్మ నా కండువా పట్టి లాగింది.

"కూర్చో అన్నా."

"ఆకలమ్మా దానికి."

"ముక్కు దానికుండాది, మూతి దానికుండాది. నువ్వెందుకు?"

మూలుగు పెరిగింది, తగ్గింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. కింద వ్యాను హారన్ మోగింది. పెంచలయ్య గొలుసు భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"బావా, ఎక్కిస్తావా లేదా? ఆడ కోళ్లకు మేత ఎయ్యాల."

"ష్!" అని నిర్మలమ్మే కసిరింది.

లోపల కాగితం గరగరలాడింది. ఆగింది. మళ్లీ గరగరలాడింది. తలుపు బొక్కలోనుంచి తొంగిచూడాలని నా ప్రాణం కొట్టుకుంటుంటే, భానుశ్రీ మోకాలు అడ్డం పెట్టింది. ఏడుపు మళ్లీ మొదలయ్యేసరికి ఫోన్ చూసి, "ఆరు నిమిషాలు" అంది.

"ఆరా?" పెంచలయ్య నవ్వాడు. "మీరు పొయ్యేది మూడు గంటలు కదా!"

నిర్మలమ్మ తలకు కట్టుకున్న గుడ్డ విప్పింది. "ఇంకో పది దినాలు. దేవకమ్మక్కను ఆటోలో నేను పిలుచుకుపోతా. ఈ పాప అట్ట పెడుతుంది. నిమిషాలు కూడా పాపే చెప్పాల. అన్నా, నీ నోట్లోనించి ఒక్క లెక్క రాకూడదు. అప్పటికీ ఇట్లనే మొత్తుకుంటే గొలుసు నేనే ఏస్తా."

పెంచలయ్య గొణుక్కుంటూ దిగిపోయాడు. ఏడుపు ఆగాక భానుశ్రీ తలుపు తీసింది. కాగితం ఉండలు నాలుగూ గదంతా దొర్లి ఉన్నాయి. మూడు గుంటలు ఖాళీ. మేస్త్రి మళ్లీ అట్ట దగ్గరికి వెళ్లి, నాలుగో గుంటలో ముక్కు దూర్చి, కాలితో అట్టను అణిచిపెట్టి నాకుతోంది. ఆ కాలి ఉపాయం నేను చెప్పింది కాదు. నేను వచ్చానని తెలిసి కూడా తలెత్తలేదు.

పీట వైపు చేయి చాచాను.

"తాతా," అంది భానుశ్రీ. పీట గోడకు ఆనించి, గడపలో అట్లనే నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.