గూళ్లున్న చెట్టు

పీర్ సాహెబ్ మోకాలి లోతు బురదలో నిలబడి, కాలువ మూతికి అడ్డంపడ్డ ఒండ్రును రెండు చేతులా తోడి గట్టున పోస్తున్నాడు. తెల్లవారి గంటయింది. సముద్రం పాటుకు నీరు వెనక్కి తీసింది, పిట్టలన్నీ బురదలో మేతకు దిగాయి. చూడాలంటే ఇదే వేళ. పిట్టల్ని చూడ్డానికి ఆరింటికల్లా వస్తామన్న పెద్దమనుషులు మాత్రం ఈపాటికి అవనిగడ్డలో పెసరట్ల ముందు కూర్చుని ఉంటారు. ఆ సంగతి అతనికి చూడకుండానే తెలుసు.

పన్నెండేళ్ల కిందట ఈ మడ అడవిని వంటచెరకు కోసం నరికిన కంట్రాక్టరు కూలీల్లో అతనొకడు. మోడులు మిగిలిన నేల ఉప్పుతేలిపోతే, పోటునీరు లోపలికి వచ్చేలా పిల్లకాలువలు తవ్వినవాడూ అతనే. నీటితో గింజలు వచ్చాయి, మొలిచాయి, మనిషి దూరలేనంత అడవయింది. రెండేళ్ల కిందటి ఉప్పెనకు సగం ఒరిగి మళ్లీ చిగిర్చింది. పీర్ సాహెబ్ మాత్రం అటవీశాఖలో ఇంకా టెంపరరీ వాచరే.

"ఇవాళ వచ్చేవాళ్లు సంతోషపడాలి. పడితే సాయంత్రమే నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టి పైకి పంపుతా" అని రేంజరు చలపతిరావు నిన్ననే చెప్పాడు. ఈ అడవికి చలపతిరావు చేసిన సేవ ఒక్కటే. అతిథులొస్తున్నారని దారి పక్క చెట్ల మొదళ్లకు సున్నం, జేగురు పట్టీలు వేయించాడు. రాత్రి పోటుకు అవి సగం కొట్టుకుపోయాయి.

ఎనిమిదిన్నరకు జీపు వచ్చింది. బందరు పక్షిప్రేమికుల సంఘం వారు ఐదుగురు దిగారు. అధ్యక్షుడు అచ్యుతరావు రిటైరైన లెక్చరరు. తెల్లప్యాంటు, మెడలో బైనాక్యులర్సు, చంకలో ఇంగ్లీషు పుస్తకం. అప్పటికి పోటు మొదలై బురద మునిగింది, పిట్టలు పోయాయి. పీర్ సాహెబ్ ముందు నడుస్తుంటే, వెనక వాళ్లు నేలలోంచి పొడుచుకొచ్చిన వేళ్లమీద బూట్లు వేసి అడుగడుక్కీ దేవుణ్ణి తలుస్తున్నారు.

"నారాయణపక్షండి" అన్నాడు పీర్ సాహెబ్, నీటి అంచున ఒంటరిగా మిగిలిన కొంగను చూపించి.

అచ్యుతరావు పుస్తకం తిరగేశాడు. "అలాంటి పేరు ఇందులో లేదోయ్" అన్నాడు. ఆయన పేజీ వెతికేలోపు పక్షి ఎగిరిపోయింది. దానికి ఆయనేమీ బాధపడలేదు.

చివర పెద్ద మడచెట్టు నిండా చింతవొక్కు కొంగల గూళ్లు, గూళ్లలో ఈకలు రాని పిల్లలు. పీర్ సాహెబ్ వేలు పెదవుల మీద పెట్టేలోపే అచ్యుతరావు టపటపా చప్పట్లు కొట్టాడు. తల్లిపిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. "నూటపన్నెండు!" అని ఆయన కేకవేశాడు. కాసుకుని ఉన్న కాకులు దిగి రెండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. అది ఎవరూ లెక్క రాసుకోలేదు. ఫొటో తీసినాయన కెమెరా మూత తియ్యడం మరిచిపోయానని నాలిక కరుచుకున్నాడు.

తల్లులు మళ్లీ గూళ్లమీద వాలాయి.

"పీరూ, ఓ బెడ్డ విసిరి ఇంకోసారి లేపు" అన్నాడు చలపతిరావు. గొంతు తగ్గించి, "నీ కాగితం గుర్తుంది కదా" అన్నాడు.

పీర్ సాహెబ్ అచ్యుతరావు వైపు తిరిగాడు.

"నేనిక్కడ గొడ్డలి పట్టినోణ్ణండీ. ఆ కంట్రాక్టరు మా నెత్తురు తాగేవోడు. అయినా గూళ్లున్న చెట్టొస్తే, పిల్లలెగిరిందాకా దాన్నొదిలేసి పక్కది నరికేవోళ్లం. అడవి కొట్టేసేవోళ్లమండీ మేము. మీరు పిట్టలంటే ప్రేమున్నోళ్లంట."

అతను ఒంటిమీది ఖాకీ చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. చిరుగుల బనీనుతో కాలువ వెంట నడిచి వెళ్లిపోయాడు.

"ఆకలేస్తే వాడే వస్తాడు లెండి" అని చలపతిరావు నవ్వాడు.

రాలేదు. వారం తర్వాత కూడా ఆ ఖాకీ చొక్కా కొమ్మకే ఉంది. సర్కారు బిళ్ల ఇవ్వలేదని, చదువురాని అతని భార్య నూర్ బీ ఎవరో గీసిచ్చిన గీతల మీద ఎర్రదారంతో జేబుపై 'వాచరు' అని కుట్టిన చొక్కా అది. చోటు చాలక చివరి అక్షరం కొంచెం కిందికి జారి ఉంది.