ఎడమ వైపు తలుపు

నేను చేసిన పళ్లు ఈ ఊళ్లో తక్కువలో తక్కువ నాలుగు వేల నోళ్లలో ఉన్నాయి. వాటితో జనం నవ్వుతున్నారు, పోట్లాడుకుంటున్నారు, వేయించిన శనగలు పటపటా నములుతున్నారు. అవి నేను చేసినవని వాళ్లకి తెలియదు. తెలియకూడదు కూడా. కట్టుడు పన్ను చూసి ఎవరైనా "ఎవరు చేశారండీ?" అని అడిగారంటే ఆ పని చెడిందన్నమాటే. డెంటల్ ల్యాబ్‌లో మా పద్ధతి ఒకటే. డాక్టరు అచ్చు తీసి పంపుతాడు, దాంతో పాటు ఒక చీటీ. ఏ పన్ను, ఏ వైపు, ఏ రంగు. ఆ చీటీ చూసి నేను చేసేస్తాను. ముప్పై ఒక్క ఏళ్లుగా నోరు చూడకుండా పళ్లు చేస్తున్నవాణ్ణి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఇంకెవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

అలాంటివాడి చేతికి విమానం పని వచ్చింది కూడా పళ్ల వల్లే. రిటైరైన కెప్టెన్ గారొకాయన పైవరస సెట్టు విరిగితే, డాక్టరు ఊళ్లో లేక నేరుగా ల్యాబ్‌కే వచ్చారు. నేను మొహం చూసిన పేషెంటు ఆయనొక్కరే. అలమరలో సరదాకి పళ్ల మైనంతో చేసి పెట్టుకున్న కుట్టుమిషను, సూదిమొనంత చిన్న దారపు కండెతో సహా, చూసి ఆయన అలాగే నిలబడిపోయారు. నోట్లో పళ్లు లేకపోయినా మాట మాత్రం స్పష్టంగానే అడిగారు. "విమానం చేస్తారా?"

విమానాశ్రయంలో పాత రోజుల వస్తువులతో ఒక హాలు పెడుతున్నారట. మధ్యలో అద్దాల పెట్టె. అందులో పూర్వం నడిచిన రెండు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం, అసలు దానిలో ఇరవై నాలుగో వంతు సైజులో. అదీ ఏదో ఒక విమానం కాదు, మా మేనత్త విమానం.

మా అత్త గురించి చెప్పాలి. మా నాన్నకి చెల్లెలు, ఎనభై మూడేళ్ల మనిషి, మా ఇంట్లోనే ఉంటుంది. చూపు దాదాపు పోయింది, గొంతు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. ఆమె ఎయిర్ హోస్టెస్‌గా ఉన్న రోజుల్లో, ఇరవై నాలుగేళ్ల వయసులో, విమానం నేల మీద దిగుతుండగా ఇంజిను అంటుకుంది. ఆ మంటల్లోంచి ఇరవై ఒక్క మంది ప్రయాణికుల్ని ఒక్కొక్కరినే దింపింది. మా ఇంట్లో పిల్లలందరం ఆ కథ వింటూ అన్నం తిన్నవాళ్లమే. ఆ కథ నాకు ఎంత బాగా వచ్చునంటే, అందులో నాకు తెలియనిది ఏదైనా ఉందేమోనన్న అనుమానం ఎన్నడూ రాలేదు.

ఎనిమిది నెలలు పట్టింది. ల్యాబ్‌లో పని అయిపోగానే ఇంటికొచ్చి ముందు గదిలో బల్ల ముందు కూర్చునేవాణ్ణి. ప్లాస్టర్ అచ్చు మీద పళ్ల చిగుళ్లకి వాడే ప్లాస్టిక్‌తోనే ఒళ్లు పోశాను. దాని మీద పల్చటి అల్యూమినియం రేకు. రేకు మీద రివెట్లు, పన్ను అరగదీసే మరతో ఒక్కొక్కటీ చుక్కలా నొక్కినవి, పదకొండు వేల చిల్లర. నాలుగడుగుల రెక్కలు. పైకప్పు కట్టుడు పళ్ల సెట్టులా తీసి పెట్టుకోవచ్చు. తీస్తే లోపల ఏడు వరసల సీట్లు, నడవాకి ఒక పక్క రెండేసి, ఇంకో పక్క ఒక్కొక్కటి. ప్రతి సీటు తల దగ్గరా తెల్ల గుడ్డ, అది మా ఆవిడ పాత చీర అంచు. అడిగి తీసుకున్నదే.

ఫొటోలు చూడమని కెప్టెన్ గారు ఒక కట్ట ఇచ్చారు. విప్పలేదు. ఫొటో చూసి చేయడం సినిమా పోస్టర్లవాళ్ల పని. నాకు కొలతలు చాలు. వాటన్నిటినీ నా అలవాటు ప్రకారం ఒక చీటీ మీద ఎక్కించుకుని, దాన్ని బల్ల పైన గోడకి అంటించాను. ఇక ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని హుకుం జారీ చేశాను. చూపు లేని అత్తకి ముట్టుకోకూడదంటే చూడకూడదన్నట్టే కదా అని మా ఆవిడ ఒకసారి అంది. "పూర్తయ్యాక ఆవిడకే మొదట చూపిస్తా" అన్నాను. నిజంగానే ఆశ్చర్యపరచాలనుకున్నాను.

ఇంకో సంగతి ఉంది, దాచను. అద్దాల పెట్టె కింద ఇత్తడి పలక పెడుతున్నారు. దాని మీద తయారు చేసినవాడిగా నా పేరు చెక్కుతారు. యాభై రెండేళ్లొచ్చాయి. నేను చేసిన వస్తువు మీద నా పేరు ఉండటం అదే మొదటిసారి. పైకి బెట్టుగా "పేరుదేముందండీ" అన్నాను గానీ, ఆ పలక కోసం నేను ఎనిమిది నెలలు కాదు, ఎనిమిదేళ్లయినా కూర్చునేవాణ్ణి.

ఆదివారం ఉదయం పదింటికి ప్రారంభం. గురువారం సాయంత్రానికి పని పూర్తయింది. కెప్టెన్ గారు వచ్చి చుట్టూ మూడుసార్లు తిరిగి, వేలెత్తి చూపడానికి ఏమీ లేదన్నారు. ఆయన నడిపినవన్నీ తర్వాతి కాలం జెట్లు. ఆయన వెళ్లాక అత్తని చెయ్యి పట్టుకుని తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాను. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నేను మెచ్చుకోలు అందుకోవడానికి తయారుగా ఉన్నాను.

అత్త ముక్కు దగ్గర మొదలుపెట్టింది. బొటనవేలు ప్రొపెల్లర్ మీద ఆగింది, రెక్క మీద జారింది, ఎడమ వైపు కిటికీలని ఒక్కొక్కటే తడిమింది.

"అబ్బ! ఎంత పని చేశావురా. ఒళ్లు చల్లగా కూడా ఉంది, నిజం విమానంలాగే."

"మరేమనుకున్నావ్!"

వేలు తోక దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"తలుపేదిరా?"

"ఇదిగో అత్తా, ఇటు." ఆమె చెయ్యి తీసుకుని విమానం మీదుగా దాటించి కుడి వైపు తలుపు మీద పెట్టాను. తెరుచుకుంటుంది కూడా. చిన్న బందులతో సహా చేశాను.

అత్త నిప్పు తగిలినట్టు చెయ్యి లాగేసుకుంది.

"అటు కాదురా," అంది. "అటు మంట."

నాకు అర్థం కాలేదు. ఆమెకి వయసు మీద పడింది కదా, మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా పైకి అనేశాను కూడా. అత్త కోప్పడలేదు, అది ఇంకా ఘోరం.

"కుడి ఇంజినురా అంటుకున్నది. తలుపు ఎడమ వైపు ఉంది గనక బతికాం. నువ్వు పెట్టిన తలుపులోంచి దింపి ఉంటే ఇరవై ఒక్క మందినీ నేనే నిప్పులోకి తోసేదాన్ని. నీ పని చూడ్డానికి నేనూ ఉండేదాన్ని కాదు."

"చీటీ చూసే చేశాను" అని గోడ మీది చీటీ పీకి చదివాను. నా చేతి రాతే. 'తలుపు: వెనక, ఎడమ.' విమానం ముక్కు నాకు అవతలి వైపు పెట్టుకుని, చీటీలో ఎడమ అని చూసి, కుడి చేతి పక్క కోశాను. ఎలా కోశానో నాకే తెలియలేదు.

మా ఆవిడకి తెలిసింది. "ఏవండీ, మీకు ఎడమంటే కుడే కదా. మీ ల్యాబ్ లెక్క."

అంతే సంగతి. మా పనిలో ఎడమ అంటే ఎదురుగా ఉన్న మనిషి ఎడమ, నా చేతికి అది కుడి పక్క. ముప్పై ఒక్క ఏళ్లుగా చీటీలో ఎడమ అని కనిపిస్తే నా చెయ్యి కుడికే పోతుంది. మధ్యలో బుర్రని అడగదు. పళ్లయితే ఎప్పుడూ నాకు ఎదురుగానే ఉంటాయి. విమానం నాకు వీపు పెట్టి కూర్చుంది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాను.

"స్కూటరు మీద వెనక కూర్చుని మీరు ఎడమంటే నేను కుడికి తిప్పుతాను, కుడంటే ఎడమకి. ఇరవై ఏళ్లయింది. ఎప్పుడైనా దారి తప్పామా?"

అత్త పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తల కొట్టేసినట్టయింది. సిగ్గు తప్పు చేసినందుకు కాదు, ఆ తలుపులోంచి దిగిన మనిషి ఎనిమిది నెలలుగా పక్క గదిలోనే ఉంటే ఒక్క మాట అడగనందుకు.

శుక్రవారం పొద్దున ల్యాబ్‌కి ఫోన్ చేసి రెండు రోజులు రానన్నాను. కెప్టెన్ గారికీ చెప్పాను. ఆయన కంగారు పడి, "ఎవరికి తెలుస్తుందండీ, ఇప్పుడు కోస్తే మొత్తం పోతుందేమో, అలా వదిలేయండి" అన్నారు. నిజమే. తోక వైపు ఒళ్లు చాలా పల్చన. మర జారితే ఎనిమిది నెలల పని రెండు ముక్కలవుతుంది, ఆదివారం అద్దాల పెట్టె ఖాళీగా ఉంటుంది, నా పేరున్న పలక దాని కింద వెక్కిరిస్తూ ఉంటుంది. అయినా భయం వేయలేదు. కోయడం, పూడ్చడం, పూడ్చింది కనపడకుండా చేయడం, నా వృత్తే అది. "ఆదివారం పదింటికి రండి, చాలు" అని ఫోన్ పెట్టేశాను.

ఈసారి చీటీ లేదు. అత్తని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. ఎడమ వైపు ఆమె వేలు పెట్టి చూపించిన చోట పెన్సిల్‌తో గీశాను. గుమ్మం ఎత్తెంత, తలుపు ఎటు తెరుచుకునేది, గడియ ఏ ఎత్తున ఉండేది, అన్నీ ఆమె చెయ్యి చెప్పింది. "గడియ కాస్త బిగుసుకునేదిరా, భుజంతో తోసేదాన్ని" అంది. ఏ కొలతల కాగితంలోనూ లేదది.

పళ్లు కోసే బిళ్ల రంపపు మరతో కోశాను. ఊపిరి బిగబట్టింది మా ఆవిడే, నేను కాదు. కోసిన ముక్క చక్కగా చేతిలోకి ఊడి వచ్చింది. పాత తలుపు ఇటు పట్టదు. కుడి దవడ పన్ను ఎడమ దవడలో కూర్చోనట్టే, దాని వంపు తిరగబడుతుంది. అందుకని కొత్తది చేశాను. కుడి పక్క బొక్కని ఊడిన పన్నులాగే చూసుకున్నాను. మైనం నింపి, వేలితో వంపు దిద్ది, అచ్చు తీసి, ప్లాస్టిక్ పోసి, రేకు కప్పి, రివెట్లు నొక్కాను. శనివారం సాయంత్రానికి రంగు ఆరింది.

ఆదివారం హాల్లో ఓ ఎనభై మంది ఉన్నారు. ఉపన్యాసాలకి ముందు కెప్టెన్ గారు అద్దం ఎత్తించి అత్తని దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె ముందుగా కుడి వైపుకి వెళ్లింది. బొటనవేలు ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిరిగింది.

"ఎక్కడ మూశావురా?"

"వెతుక్కో."

"దొరకడం లేదు."

"దొరకదు," అన్నాను. అంత గర్వంగా నా జన్మలో ఏ మాటా అనలేదు.

అప్పుడామె పైకప్పు తీయమంది. తీశాను. చూపుడువేలు ముందు వరస సీటు మీద పెట్టి, "ఒకటి" అంది. పక్క సీటు, "రెండు." ఒక్కొక్క సీటునీ తాకుతూ నడవాలో వెనక్కి వస్తోంది. పదిహేను, పదహారు. గొంతు ఆ రోజుది, ఇరవై నాలుగేళ్ల పిల్లది. "ఇరవై. ఇరవై ఒకటి." సీట్లు అయిపోయాయి. వేలు ఆగలేదు. తలుపు దగ్గరికి వచ్చింది, గుమ్మంలోంచి బయటికి వచ్చింది, విమానం నిలబెట్టిన చెక్క మీద నేను గడ్డిలా వేసిన ఆకుపచ్చ రంగు మీద ఆనింది.

"ఇరవై రెండు."

"సీట్లు ఇరవై ఒకటే కదా అత్తా" అన్నాను మెల్లగా.

"చివర దిగింది నేనురా. ఆ రోజు నన్నెవరూ లెక్కపెట్టలేదు."

నేను అందరి ముందూ ఏడ్చాను, దాచుకోను. పలక మీద నా పేరు తప్పుల్లేకుండా చెక్కారో లేదో దగ్గరగా చూడాలనుకుంటూ వెళ్లినవాణ్ణి, ఆ రోజు చూడనే లేదు.