కడగని లారీ

గుంటూరు యార్డులో మిరపకాయల టిక్కీ బస్తాలు దించేసి, యల్లమంద ఖాళీ లారీతో నరసరావుపేట చేరాడో లేదో, లోడ్లు కుదిర్చే శ్రీకాంత్ నుంచి ఫోను.

"బాబాయ్, వరద బాధితులకి దుప్పట్లు. దాచేపల్లి అవతల స్కూల్లో దించాలి. తొందరగా గోడౌన్ కాడికి రా."

ఆ స్కూల్లోనే యల్లమంద అక్క తిరుపతమ్మ తలదాచుకుంది. కృష్ణ పొంగి ఇల్లు మునిగితే, మూడేళ్ల మనవరాలు యశస్వినిని చంకనేసుకుని కట్టుబట్టలతో చేరింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో తాపీ పనికి పోయారు. పిల్లకు ముసురు పడితే చాలు, ఆయాసం.

మిరప దించిన బండిని కడిగి ఆరబెట్టందే ఇంకో సరుకు ఎక్కించకూడదని ఈ పక్క లారీ తోలే ప్రతివాడికీ తెలుసు. నిరుడు దాకా దుప్పట్లిచ్చే సేవాసంస్థే దగ్గరుండి బండ్లు మాట్లాడుకునేది. వాళ్ల మనిషి వీరయ్య లారీని కడిగించి, చెక్కల మీద అరచెయ్యి రుద్ది, ఆ చేత్తో మూతి తుడుచుకునేవాడు. మండకపోతేనే లోడు. ఈ ఏడు రవాణా మొత్తం హైదరాబాదు కంపెనీకి అప్పగించారు. చవకట! ఆ కంపెనీ శ్రీకాంత్‌కి ఇచ్చింది, శ్రీకాంత్ ఖాళీగా తిరిగొచ్చే బండ్లకు ఇచ్చాడు. అందరూ ఫోన్లలో ఉన్నారు, మూతి మండించుకునే మనిషే లేడు. వీరయ్యను ఇంటికి పంపేశారు.

"బండి కడుక్కుని వస్తా," అన్నాడు యల్లమంద.

"ఈ ముసురులో ఎప్పటికి ఆరుద్ది? నీ బండి కాసేపు ఆగితే హైదరాబాదోళ్ల ఫోన్లో ఎర్రగా కనపడుద్ది, నన్ను తింటారు. చీపురేసి ఊడ్చుకో బాబాయ్, ఏం గాదు."

అక్క తడిసిపోయి ఉంటుంది, పిల్ల వణుకుతూ ఉంటుంది అనుకున్నాడు యల్లమంద. గోడౌన్ దగ్గర చీపురేసి ఊడ్చాడు. ఎర్రటి దుమ్ము లేచినా అతను తుమ్మలేదు, హమాలీలూ తుమ్మలేదు. మిరప కళ్లాల్లో పెరిగిన ముక్కులవి. ఉన్న ఒక్క టార్పాలిన్ వానకని పైన కప్పాడు. కింద పరచడానికేమీ లేక, తాళ్లతో కట్టిన దుప్పట్ల కట్టల్ని చెక్కల మీదే పడేశారు. వద్దురా అని మనసు ఒకసారి అన్నది. వినిపించుకోలేదు.

స్కూల్లో కట్టలు దించుతుంటే తిరుపతమ్మ ముఖం వెలిగిపోయింది. "మా తమ్ముడే తెచ్చాడు," అని పక్కవాళ్లందరికీ చెప్పింది. సంస్థ తరఫున వచ్చిన నీలిమ ముందు చంటిపిల్లలున్నవాళ్లకు పంచింది. యల్లమంద ఫోటో తీసి పంపాడు. సరుకు చేరినట్టు ఫోనులో పచ్చగుర్తు పడింది.

అతను టీ తాగుతుండగానే లోపల ఏడుపులు మొదలయ్యాయి. పిల్లలు కళ్లు నులుముకుంటున్నారు, తడి ఒళ్లు మండి గీరుకుంటున్నారు. తిరుపతమ్మ ఒళ్లో యశస్విని ఊపిరి ఈల వేస్తోంది, పెదాలు నల్లబడుతున్నాయి. దుప్పట్లన్నీ లాగేయమని కేకలేసి, నీలిమ కంపెనీకి ఫోను చేసింది. "డెలివరీ సక్రమంగానే అయింది కదా మేడమ్," అన్నారు అవతల. అంబులెన్సు వాగు దాటలేక ఆగిపోయిందని తెలిసింది. యల్లమంద అక్కనూ పిల్లనూ లారీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గురజాల ఆసుపత్రికి పరుగు పెట్టించాడు.

బండి దారి మళ్లిందని కాబోలు, శ్రీకాంత్ నుంచి ఫోను మోగుతూనే ఉంది. అతను ఎత్తలేదు.

"ఆ గోడౌన్లో ఎవుడో మిరపకాయల పక్కన పడేసుంటాడు," అంది తిరుపతమ్మ ఏడుస్తూ. "ఆడి చేతులు పడిపోను! పసిబిడ్డలని గూడా చూళ్లేదు గదరా."

"గోడౌన్ గాదక్కా. నా బండే. కడక్కుండా ఎక్కించా."

తిరుపతమ్మ పిల్ల ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, తన కొంగు కూడా దాని ముక్కుకు తగలకుండా వెనక్కి లాక్కుంది. ఆసుపత్రి గేటు దగ్గర లారీ ఆగాక నోరు విప్పింది.

"ఊహ తెలిసినకాడి నుంచీ మిరపకాయలు కోశా. నా చేత్తోనే దీనికి గడ్డం దాకా కప్పా. నాకు వాసనే తెలవలేదురా."

అతను దిగి ఆమె వైపు తలుపు దగ్గరికి పరిగెత్తి వచ్చి, దింపడానికి చెయ్యి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోకుండానే పిల్లతో దిగింది.

"నీకు తెలుసుగా," అని లోపలికి పరుగెత్తింది.